నూనెలో దొరకని జన్యువుకు సీసా మీద చోటెందుకు?

పత్తి రైతు కొనే 475 గ్రాముల ప్యాకెట్ మీద అది బీటీ విత్తనమని రాసి ఉంటుంది. ఆ విత్తనం చేలో మొలిచి, కాయ పగిలి, పత్తి జిన్నింగ్ మిల్లుకు చేరుతుంది. అక్కడ దూది ఒక దారి పడుతుంది, గింజ ఇంకో దారి పడుతుంది. గింజ ఆయిల్ మిల్లుకు వెళ్లి నూనెగా మారుతుంది. ఆ నూనె రిఫైనరీ దాటి మళ్లీ ఒక ప్యాకెట్‌లోకో సీసాలోకో వస్తుంది. ఈ రెండో ప్యాకెట్ మీద మాత్రం జన్యు మార్పిడి ఊసు సాధారణంగా కనిపించదు. పంట అదే, గింజ అదే. రైతుకు చెప్పిన సంగతి వంటింటికి వచ్చేసరికి దారిలో ఎక్కడో జారిపోయింది.

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి దొరికింది 2002 మార్చిలో. ఇవాళ దేశంలోని పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీయే. గుంటూరు నల్లరేగళ్లలోనైనా, ఆదిలాబాద్, వరంగల్ చేలల్లోనైనా ఇప్పుడు బీటీ కాని పత్తిని వెతుక్కోవాలి. పత్తి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు గింజదే కాబట్టి అది బట్టల పంటే కాదు, నూనె పంట కూడా. దేశంలో ఏటా పది లక్షల టన్నులకు పైగా పత్తి గింజల నూనె తయారవుతోంది. గుజరాత్‌లో దీన్ని నేరుగా ఇళ్లలో వాడతారు. చిరుతిళ్ల ప్యాకెట్ల వెనక, పదార్థాల జాబితాలో కూడా దాని పేరు కనిపిస్తూ ఉంటుంది. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలోనే ఆపేశారు, జన్యు మార్పిడి (జీఎం) ఆవాల మీద 2024 జూలైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చారు. దాంతో జీఎం ఆహారం ఇంకా మన గడప తొక్కలేదని చాలామంది అనుకుంటారు. నూనె రూపంలో అది వచ్చి రెండు దశాబ్దాలు దాటింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. శుద్ధి చేసిన ఆ నూనెను ప్రయోగశాలకు పంపితే జన్యు మార్పిడి ఆనవాలు చాలాసార్లు ఏదీ దొరకదు. దొరకని దాన్ని సీసా మీద రాయాలా? ఐరోపా సమాఖ్య రాసి తీరాలంది. అమెరికాలో 2022 జనవరి 1 నుంచి తప్పనిసరైన నిబంధన అక్కర్లేదంది. రెండు చోట్లా శాస్త్రం ఒకటే, నూనె ఒకటే, జవాబులు మాత్రం ఎదురెదురు. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలిస్తే లేబుల్ వివాదం సగం విడిపోతుంది. జీఎం లేబుల్‌ను చివరి సీసా మీద చేసే పరీక్షకు కట్టేస్తే అది పని చేయదు. విత్తనం దగ్గర మొదలై మిల్లు దాకా సాగే లెక్కలకు కడితే నిజాయితీగానూ, చౌకగానూ పని చేస్తుంది. ఆ మాట ఎందుకు అనవలసి వస్తోందో గింజ దగ్గర నుంచే చూద్దాం.

గింజలో ఉన్నది నూనెలో ఎందుకు ఉండదు?

నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా ఒక ప్రొటీన్‌ను తయారు చేసుకుంటుంది. దాన్ని తిన్న కాయతొలుచు పురుగు పేగులో క్షారగుణం ఉండటం వల్ల ఆ ప్రొటీన్ కరిగి, చురుకై, పేగు గోడ మీది ప్రత్యేకమైన గ్రాహకాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు తిండి మాని చస్తుంది. మనిషి కడుపులో ఆమ్లం ఉంటుంది, ఆ గ్రాహకాలు ఉండవు. అందువల్ల మనలో ఆ ప్రొటీన్ మిగతా ప్రొటీన్ల లాగే అరిగిపోతుంది. ఈ ప్రొటీన్ తయారీకి ఆదేశమిచ్చే జన్యువును పత్తి మొక్క డీఎన్‌ఏలో చేర్చారు. ఇక ఆ మొక్క ఆకులోనూ, కాయలోనూ, గింజలోనూ ప్రతి కణంలో ఆ జన్యువు ఉంటుంది.

ఇప్పుడు గింజను నూనెగా మార్చే దశలు చూడండి. గింజ లోపల నూనె, ప్రొటీన్, డీఎన్‌ఏ వేర్వేరు పదార్థాలు. నూనె అంటే కొవ్వు. డీఎన్‌ఏకూ ప్రొటీన్‌కూ కొవ్వులో కరిగే గుణం లేదు. గింజను పిండినప్పుడు అవి చాలా వరకు చెక్కలోనే నిలిచిపోతాయి. పచ్చి నూనెతో పాటు జారిన కొద్దిపాటి రేణువులు కూడా ఆ తర్వాత శుద్ధిలో పోతాయి. పత్తి గింజలో గాసిపాల్ అనే సహజ విషపదార్థం ఉంటుంది కాబట్టి ఈ నూనెకు శుద్ధి తప్పదు. ముందు జిగురు తీస్తారు, క్షారంతో కడుగుతారు, రంగు పీల్చే మట్టితో వడగడతారు, చివరగా 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పంపి వాసన తీస్తారు. ఇన్ని దెబ్బలు తిన్నాక ఏ కాస్త డీఎన్‌ఏ మిగిలినా ముక్కలు ముక్కలై ఉంటుంది. బీటీ పత్తి నూనెలోని కొవ్వు అణువుకూ, నాటు పత్తి నూనెలోని కొవ్వు అణువుకూ తేడా లేదు.

అమెరికా నిబంధన ఇక్కడే ఆగింది. తుది పదార్థంలో మార్చిన జన్యు పదార్థం కనిపించకపోతే లేబుల్ అక్కర్లేదంది. జపాన్ కూడా నూనెకూ సోయా సాస్‌కూ ఇలాంటి మినహాయింపే ఇచ్చింది. ఐరోపా ప్రశ్న వేరు. 2003లో చేసి 2004 ఏప్రిల్ నుంచి అమలు చేసిన నియమాల్లో అది సీసాలో ఏముందని అడగలేదు, సీసాలోనిది దేని నుంచి వచ్చిందని అడిగింది. మొదటి ప్రశ్నకు జవాబు ప్రయోగశాల చెబుతుంది. రెండో ప్రశ్నకు జవాబు కాగితాలే చెప్పాలి. ఎంత గొప్ప రక్త పరీక్ష చేసినా మనిషిది ఏ ఊరో తేలదు, అందుకు ఊళ్లో విచారించాల్సిందే. నూనె సంగతీ అంతే.

బాక్స్: పీసీఆర్ పరీక్ష ఏం చేస్తుంది?

జీఎం పరీక్షకు ఎక్కువగా వాడేది పీసీఆర్. 1983లో కేరీ మల్లిస్‌కు తట్టిన ఆలోచన ఇది, ఆయనకు 1993లో నోబెల్ బహుమతి తెచ్చింది. వెతుకుతున్న డీఎన్‌ఏ ముక్క ఒక్కటి నమూనాలో ఉన్నా దాన్ని వేడి చేసి విడదీసి, చల్లార్చి, నకలు తీయిస్తారు. ఒక్కో విడతకు సంఖ్య రెట్టింపవుతుంది. 30 విడతలకు ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. అప్పుడది పరికరానికి కనిపిస్తుంది. జీఎం పంటల్లో చేర్చిన జన్యువును పని చేయించడానికి కాలీఫ్లవర్‌కు సోకే ఒక వైరస్ నుంచి తీసిన డీఎన్‌ఏ ముక్కను తరచుగా జత చేస్తారు. తొలి పరీక్షలో వెతికేది ఎక్కువగా దాన్నే. అందులోనే ఒక మోసం ఉంది: ఆవాలు, క్యాబేజీ జాతి కూరగాయలకు ఆ వైరస్ సహజంగానే సోకి ఉంటే జీఎం కాని నమూనా కూడా జీఎం లాగే కనిపిస్తుంది. అందుకే రెండో పరీక్షలో ఏ రకం జన్యు మార్పిడో ప్రత్యేకంగా నిర్ధారిస్తారు. నకలు తీయడానికి ముక్క చెక్కుచెదరకుండా ఉండాలి. వేడికీ ఆమ్లానికీ తెగిపోయిన డీఎన్‌ఏను పీసీఆర్ గుర్తుపట్టలేదు.

పరీక్షకు రెండో పరిమితి: నమూనా

నూనెను వదిలేసి గింజలనే పరీక్షించినా ఇంకో చిక్కు వస్తుంది. ఒక ఓడలో వచ్చిన సోయా గింజల్లో నూటికి ఒకటి జీఎం అనుకుందాం. పది గింజలు తీసి పరీక్షిస్తే పదీ మామూలువే కావడానికి అవకాశం నూటికి 90 పాళ్లు. వంద తీసినా, అన్నీ మామూలువే రావడానికి ఇంకా మూడో వంతుకు మించిన అవకాశం ఉంది. ఆ ఒక్క శాతాన్ని పట్టుకున్నామని 95 శాతం ధీమాగా చెప్పాలంటే సుమారు 300 గింజలు కావాలి. వెయ్యికి ఒకటి ఉంటే పట్టుకోవడానికి దాదాపు 3,000 కావాలి. సున్నా అని నిరూపించాలంటే మొత్తం సరుకును పొడి చేయాల్సిందే. అంటే జీఎం బొత్తిగా లేదని ఏ పరీక్షా చెప్పలేదు. ఇంత పరిమాణం కంటే తక్కువ ఉందని మాత్రమే చెబుతుంది.

ఇందుకే చాలా దేశాలు ఒక గీత గీసుకున్నాయి. ఐరోపా గీత ప్రతి పదార్థంలో 0.9 శాతం, బ్రెజిల్, ఆస్ట్రేలియాలది 1 శాతం, అమెరికా, జపాన్‌లది 5 శాతం. ఈ అంకెలను చూసి 0.9 శాతం దాటితే ఐరోపావాళ్లకు హాని, అమెరికావాళ్లకు 5 దాకా పర్వాలేదు అనుకుంటే పొరబడినట్టే. ఇవి ఆరోగ్యానికి గీసిన గీతలు కావు. పక్క చేను నుంచి ఎగిరొచ్చిన పుప్పొడి, సరిగా ఊడ్వని గోదాము, ముందు సరుకు అడుగున మిగిలిన లారీ, వీటివల్ల అనుకోకుండా కలిసే దాన్ని ఎంతవరకు క్షమించాలన్న వ్యాపార సర్దుబాటు అది. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కూడా 24 రకాల పంటల దిగుమతికి జీఎం కాదన్న ధ్రువపత్రం అడుగుతూ 2020లో ఇచ్చిన ఉత్తర్వులో అనుకోకుండా కలిసే దానికి 1 శాతం దాకా మినహాయింపు ఇచ్చింది.

మన చట్టం చెప్పింది, చెప్పనిది

జీఎం లేబుల్ మన దేశానికి కొత్త ఆలోచన కాదు. తూనికలు, కొలతల చట్టం కింద ప్యాకెట్ సరుకుల నియమాలకు 2012లో చేసిన సవరణ ప్రకారం, 2013 జనవరి 1 నుంచి జీఎం ఆహారమున్న ప్రతి ప్యాకెట్ ముఖం మీద, పై భాగాన జీఎం అన్న అక్షరాలుండాలి. వినడానికి ఐరోపా కంటే సూటిగా ఉంది. కానీ ఎంత శాతం దాటితే రాయాలి? నూనె లాంటి శుద్ధి చేసిన పదార్థం జీఎం కిందికి వస్తుందా? ఎవరు, ఎక్కడ పరీక్షించాలి? ఆ ఒక్క వాక్యంలో వీటికి జవాబు లేదు. ఆహార భద్రతా సంస్థ విడిగా 2021 నవంబరులో ఒక ముసాయిదా, 2022 నవంబరులో సవరించిన ముసాయిదా విడుదల చేసి, 1 శాతం గీతను ప్రతిపాదించింది. 2024 జూలై నాటి ఆవాల తీర్పులో అనుమతి విషయంలో విభేదించిన న్యాయమూర్తులు కూడా జీఎం ఆహారం, ముఖ్యంగా జీఎం వంటనూనెల దిగుమతికి ఆహార భద్రతా చట్టంలోని లేబుల్ నిబంధనను పాటించాలని చెప్పారు.

అమలు ఎలా ఉందో 2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ చేయించిన పరీక్షల్లో బయటపడింది. 65 ఆహార నమూనాల్లో 32 శాతంలో జీఎం ఆనవాళ్లు దొరికాయి. ఎక్కువ దిగుమతైనవే. దేశంలో తయారైన వాటిలో దొరికినవి పత్తి గింజల నూనెలే. ఆనవాళ్లు దొరికిన వాటిలో అధిక భాగం ప్యాకెట్ల మీద ఆ సంగతి రాయలేదు. ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. కొన్ని నూనెల్లో ఆనవాళ్లు దొరికాయంటే శుద్ధి తర్వాత కూడా డీఎన్‌ఏ తునకలు అప్పుడప్పుడు మిగులుతాయన్న మాట. దేశంలో పత్తి దాదాపుగా అంతా బీటీయే కాబట్టి, దొరకని నూనె కూడా చాలా మటుకు బీటీ గింజదే అయి ఉంటుంది. పరీక్ష మీదే లేబుల్ ఆధారపడితే సరిగా శుద్ధి చేయని మిల్లు దోషిగా నిలబడుతుంది, బాగా శుద్ధి చేసిన మిల్లు అదే గింజ వాడి తప్పించుకుంటుంది. కొనేవాడికి అందే సమాచారం గింజను బట్టి కాక వడపోతను బట్టి మారిపోతుంది.

లేబుల్ పెడితే జనం భయపడరా?

లేబుల్‌ను వ్యతిరేకించే శాస్త్రవేత్తల వాదన బలమైనదే. ప్యాకెట్ మీద ప్రభుత్వం ఏదైనా రాయించిందంటే అందులో ప్రమాదం ఉందనే జనం అనుకుంటారు, లేని ప్రమాదాన్ని ఉన్నట్టు చూపడం కూడా అబద్ధమే అంటారు వాళ్లు. భద్రత విషయంలో వాళ్లు చెప్పేదానికి ఆధారముంది. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2016లో ఇచ్చిన నివేదిక, అంగట్లో ఉన్న జీఎం ఆహారం మామూలు ఆహారం కంటే ఎక్కువ హానికరమనడానికి ఆధారాలు లేవని తేల్చింది. ప్రజారోగ్యం కోసమైతే తప్పనిసరి లేబుల్ అవసరం లేదని కూడా అంది. అదే నివేదిక మరో మాట చేర్చింది: ఇందులో ఆరోగ్యానికి మించిన సామాజిక, ఆర్థిక నిర్ణయాలున్నాయని.

ఆ రెండో మాటే మనకు దారి. భద్రత తేల్చాల్సింది ప్యాకెట్ అంగడికి రాకముందు. సోయాలో పోషకం పెంచడానికి బ్రెజిల్ నట్ జన్యువును చేర్చిన ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ గింజ పడనివాళ్లకు ఈ సోయా కూడా పడదని 1996లో ప్రచురించిన పరీక్షలు చూపాయి. ఆ సోయా అంగడి ముఖం చూడలేదు. దానికి లేబుల్ వేసి అమ్ముకోమని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. హానికరమైన దాన్ని ఆపాలి, లేబుల్ అంటించి వదలకూడదు. అలా దాటి వచ్చిన దానికి లేబుల్ ఎందుకంటే, తినేవాడికి భద్రత ఒక్కటే లెక్క కాదు కాబట్టి. విత్తనం మీద పెత్తనం ఎవరిదన్న ఆలోచన కావచ్చు, కలుపు మందుల వాడకం మీద అభ్యంతరం కావచ్చు, మత నియమం కావచ్చు, జీఎం మంచిదన్న ఇష్టమే కావచ్చు. ప్యాకెట్ల మీద శాకాహారానికి వేసే ఆకుపచ్చ చుక్క ఏ రోగం గురించీ హెచ్చరించదు. అది లేకుండా మాత్రం మనం ఊరుకోం. ఆ చుక్క కూడా చాలాసార్లు పరీక్ష మీద ఆధారపడదు. బిస్కెట్‌లో వాడిన కొవ్వు పదార్థం మొక్కదో జంతువుదో తయారీదారు కొనుగోలు కాగితాలే చెబుతాయి.

భయం మాటకొస్తే కొలిచి చూసిన దాఖలా ఒకటుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 2016 జూలైలో జీఎం లేబుల్‌ను తప్పనిసరి చేసింది. అక్కడి జనం అభిప్రాయాన్ని ముందూ వెనకా సేకరించి మిగతా దేశంతో పోల్చిన జేన్ కొలొడిన్‌స్కీ, జేసన్ లస్క్ 2018లో ఫలితాలు ప్రచురించారు. లేబుల్ వచ్చాక జీఎం ఆహారం మీద వ్యతిరేకత పెరగలేదు, మిగతా దేశంతో పోలిస్తే 19 శాతం తగ్గింది. దాచారన్న అనుమానం పోవడం, ఎంపిక తన చేతిలో ఉందనిపించడం ఇందుకు కారణం కావచ్చు. ఐరోపాలో లేబుల్ వచ్చాక జీఎం సరుకు అంగళ్ల నుంచి మాయమైంది కదా అని అడగవచ్చు. కాలక్రమం చూస్తే ఆ కథ అంత సూటిగా లేదు. బ్రిటన్‌లో 1996లో జీఎం టమాటా గుజ్జు డబ్బాలు ఆ సంగతి స్పష్టంగా రాసుకునే అంగట్లోకి వచ్చాయి, ధర తక్కువ కావడంతో రెండేళ్లకు పైగా బాగానే అమ్ముడుపోయాయి. పిచ్చి ఆవుల వ్యాధి దెబ్బకు ఆహార అధికారుల మీద నమ్మకం అప్పటికే సడలి ఉంది. ఆ పైన 1998-99లో చెలరేగిన వివాదంతో పెద్ద దుకాణాలు జీఎం పదార్థాలను తామే తీసేశాయి. 2004 నాటి కఠిన నియమాలు అప్పటికి రాలేదు. జనాన్ని పోగొట్టింది సడలిన నమ్మకం. డబ్బా మీద రాత ఉన్నంత కాలం సరుకు కదిలింది.

లెక్కలు లేకపోతే ఏమవుతుంది?

2000 సెప్టెంబరులో అమెరికాలో టాకో అనే మొక్కజొన్న తినుబండారంలో స్టార్‌లింక్ అనే జీఎం మొక్కజొన్న బయటపడింది. అందులోని ప్రొటీన్ అంత తేలిగ్గా అరగదేమో, అలర్జీ కలిగిస్తుందేమో అన్న సందేహంతో దాన్ని పశువుల దాణాకే అనుమతించారు. దాన్ని సాగు చేసిన విస్తీర్ణం దేశంలోని మొక్కజొన్నలో ఒక శాతం కంటే తక్కువ. అయినా పంట గోదాముల్లో కలిసిపోయాక ఏ బస్తాలో ఏముందో చెప్పగలిగినవాళ్లు లేకపోయారు. దాదాపు 300 రకాల ఉత్పత్తులను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తమకు అలర్జీ వచ్చిందన్నవారి రక్తాన్ని ప్రభుత్వ సంస్థ పరీక్షిస్తే ఆ ప్రొటీన్‌కు స్పందించిన ఆధారం దొరకలేదు. ప్రాణనష్టం లేదు, కానీ నష్టం కోట్ల డాలర్లలో జరిగింది. లెక్కలుంటే కొన్ని లారీలతో పోయే సమస్య, లెక్కలు లేక దేశమంతా పాకింది.

ఇలాంటిది మన దగ్గర జరగదనుకోవడానికి వీల్లేదు. కలుపు మందును తట్టుకునే పత్తికి మన దేశంలో అనుమతి లేదు. అయినా తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో బీజీ-3 పేరుతో ఆ విత్తనాలు దొంగచాటుగా అమ్ముడవుతున్నాయి. గడ్డి మందు కొట్టినా పైరు చావదు, కలుపు కూలీల ఖర్చు తగ్గుతుంది కాబట్టి రైతులు కొంటున్నారు. ఆ పత్తి గింజ కూడా అదే జిన్నింగ్ మిల్లుకు, అదే ఆయిల్ మిల్లుకు వెళుతుంది. నూనె సీసాలో దాని జాడ వెతకడం వృథా. గింజలోనైతే అది పూర్తిగా ఉంటుంది, ప్రొటీన్‌ను పట్టే చిన్న పట్టీ పరీక్షకు కూడా దొరుకుతుంది. కాబట్టి పరీక్షకు సరైన చోటు మిల్లు గుమ్మం. ఆ తర్వాత దశలకు ఆ ఫలితాన్ని కాగితం మోసుకెళ్లాలి.

ఖర్చు ఎవరు భరించాలి?

విత్తనం నుంచి సీసా దాకా వేరువేరు గోదాములు, వేరువేరు రశీదులు అంటే చిన్న మిల్లులు మూతపడతాయన్నది తర్వాతి అభ్యంతరం. జీఎం, జీఎం కానిది సగం సగం పండే దేశంలో అది నిజమైన భారమే. మన పత్తి విషయంలో పరిస్థితి తలకిందులుగా ఉంది. 90 శాతానికి పైగా బీటీ అయినప్పుడు ప్రతి మిల్లూ తన గింజ బీటీ అని నిరూపించాల్సిన పని లేదు. పత్తి గింజల నూనె ఏదైనా జీఎం మూలమేనని ముందుగా భావించి, ప్యాకెట్ మీద ఆ మాట రాయమంటే చాలు. ఎవరైనా సేంద్రియ పత్తో నాటు పత్తో ఆడించి జీఎం కాదని అమ్ముకోదలిస్తే, వేరుగా ఉంచిన లెక్క చూపాల్సిన బాధ్యత వాళ్లది. ఆ ఖర్చు ఆ నూనె అదనపు ధరలో కలుస్తుంది. మామూలు మిల్లుకు పెరిగేది ప్యాకెట్ మీద ఒక వరుస సిరా.

దిగుమతి నూనెలకూ దాదాపు ఇదే సూత్రం సరిపోతుంది. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి మనకొచ్చే సోయా నూనె దాదాపుగా జీఎం పంటదే. అది ఏ దేశం నుంచి, ఏ ఓడలో వచ్చిందో రేవులో కాగితాలు ఇప్పటికే ఉంటాయి. కొత్తగా ప్రయోగశాల కట్టక్కర్లేదు, ఉన్న కాగితంలోని మాటను సీసా దాకా తీసుకొస్తే చాలు. విడిగా డబ్బాల్లోంచి అమ్మే నూనెకూ, బజ్జీల బండికీ ఈ నియమం పెట్టడం వల్ల ఒరిగేది లేదు. ప్యాకెట్ సరుకుతో మొదలెట్టడమే ఆచరణ సాధ్యం.

గీత ఎక్కడో ఒక చోట గీయక తప్పదని కూడా ఒప్పుకోవాలి. పత్తి చెక్క తిన్న గేదె పాలకు లేబుల్ కావాలా? కోళ్ల దాణా కోసం 2021 ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. ఆ దాణా తిన్న కోడి గుడ్డు మాటేమిటి? కఠినమైన ఐరోపా నియమం కూడా వీటిని వదిలేసింది. దాణాలోని డీఎన్‌ఏ, ప్రొటీన్ జంతువు కడుపులో అరిగిపోతాయి. పాలు, గుడ్డు జంతువు శరీరం కొత్తగా తయారు చేసినవి. నూనె అలా కాదు, గింజలో ఉన్న పదార్థమే బయటికొచ్చింది. పంట నుంచి నేరుగా వచ్చిన దానికి రాయాలి, ఆ పంటను తిన్న జీవి ఇచ్చిన దానికి అక్కర్లేదు అన్న గీత సమర్థించుకోదగినదే.

బాక్స్: ప్యాకెట్ మీద ఏం రాస్తే మేలు?

• జీఎం అన్న రెండక్షరాలు విడిగా పెద్దగా కనిపిస్తే హెచ్చరిక లాగా తోస్తాయి. ‘జన్యు మార్పిడి పత్తి గింజల నుంచి’ అని పదార్థం పేరు పక్కనే రాస్తే సమాచారం లాగా ఉంటుంది.
• లేబుల్ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే చాలని మన నిబంధనలు అంటాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన వారికి అందాలంటే అన్ని భాషలకూ ఒకే చిన్న గుర్తు కావాలి. బ్రెజిల్ పసుపు త్రికోణంలో ఒక అక్షరం పెట్టింది. పసుపు త్రికోణం రోడ్డు మీద ప్రమాద సూచిక కాబట్టి మనం ఆ ఆకారాన్ని వదిలేయడం మంచిది.
• ఫోన్‌తో స్కాన్ చేసే గడి అదనపు వివరాలకే పనికొస్తుంది. లేబుల్ బదులు దాన్ని పెడితే స్మార్ట్‌ఫోన్ లేనివారికి ఏమీ చెప్పనట్టే.

పరీక్షకు అసలే అందని పంటలు

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా బయటి జన్యువును చేర్చిన పంటల గురించి. అవి గింజలోనైనా పరీక్షకు దొరుకుతాయి. తర్వాతి తరం అలా దొరకదు. 2025 మే 4న కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి తయారు చేసిన కమల. రెండోది మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010 నుంచి ఢిల్లీలో రూపొందించిన పూసా డీఎస్‌టీ రైస్ 1. బాపట్ల బీపీటీ 5204గా మన రైతులు పిలుచుకునే సాంబ మసూరిలో కంకికి గింజల సంఖ్యను అదుపు చేసే ఒక జన్యువును చిన్నగా కత్తిరించడంతో కమల వచ్చింది. ఇందులో బాక్టీరియా జన్యువు లేదు, వైరస్ ముక్క లేదు. అలాంటి మార్పు సహజంగా కూడా రావచ్చు. ఇలాంటి సవరణలను 2022 మార్చిలోనే జీఎం నిబంధనల్లోని ప్రధాన అనుమతుల నుంచి మినహాయించారు.

ఈ మినహాయింపు సరైనదా కాదా అన్నది వేరే చర్చ. లేబుల్ కోణంలో మాత్రం ఇది ఒక సంగతిని తేటతెల్లం చేస్తుంది. ఏ మార్పు కోసం వెతకాలో ముందే తెలిస్తే పీసీఆర్ దాన్ని చూపగలదు. అది కత్తెర పెట్టి చేసిన మార్పా, ప్రకృతి చేసిందా అని మాత్రం ఏ పరికరమూ చెప్పలేదు. పరీక్షలో కనిపిస్తేనే లేబుల్ అన్న సూత్రం ఈ బియ్యం ముందు పూర్తిగా చేతులెత్తేస్తుంది. మిగిలేది పుట్టుక లెక్క ఒక్కటే: ఏ రకం, ఎవరు, ఏ పద్ధతిలో తయారు చేశారు, ఏ విత్తన సంచిలో అమ్మారు.

ఆ లెక్కకు పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. విత్తన సంచి మీద తయారీ పద్ధతి రాయించడం, ఆ రకాల జాబితాను ఎవరైనా చూసుకునేలా ప్రభుత్వం నిర్వహించడం, మిల్లు కొనుగోలు రశీదులో రకం పేరు నింపించడం, ఈ మూడు చాలు. జన్యు సవరణ బియ్యం సంచి మీద కొనేవాడికి కూడా చెప్పాలా వద్దా అన్నది నిపుణులు మాత్రమే తేల్చే విషయం కాదు, అందరూ వాదించుకుని నిర్ణయించుకోవచ్చు. అందుకు పదేళ్లు పట్టినా తప్పులేదు. కానీ లెక్క పదేళ్ల తర్వాత మొదలుపెట్టేది కాదు. సన్న బియ్యం ఒకసారి మిల్లులో కలిసిపోయాక, ఏ గింజ ఎక్కడిదో వెనక్కి వెళ్లి కనుక్కునే పద్ధతి ఏ ప్రయోగశాల దగ్గరా లేదు. బీటీ పత్తి విషయంలో ఆ పని చేయకుండా ఇరవై ఏళ్లు గడిపి, ఇప్పుడు నూనెలో డీఎన్‌ఏ తునకల కోసం వెతుక్కుంటున్నాం. కొత్త వరి రకాల విత్తనం పల్లెలకు చేరకముందే లెక్క మొదలైతే, లేబుల్ మీద మనం ఏ నిర్ణయం తీసుకున్నా దాన్ని అమలు చేయగలుగుతాం.